ఓర్లాండోలో టీనేజ్ పిల్లలతో 12 రాత్రులు: విల్లా, పార్కులు, కారు, వంట మీద సలహాలు కావాలి

#1 కొండాపూర్_శ్రీ

అందరికీ నమస్కారం. రెండు కుటుంబాలు కలిసి హైదరాబాద్ నుంచి ఓర్లాండో వెళ్లే ఆలోచన. పెద్దవాళ్లు నలుగురు, పిల్లలు నలుగురు (13, 14, 16, 17). వీసాలు చేతికొచ్చాయి, విమానం టికెట్లు ఇంకా తీసుకోలేదు. వేసవి సెలవుల్లోనే వెళ్లాలి. హోటల్లో నాలుగు గదుల బదులు పూల్ ఉన్న విల్లా ఒకటి తీసుకుందామనుకుంటున్నాం. అడగాల్సినవి ఇవీ: ఏ తేదీలు మంచివి, విల్లా ఏ వైపు తీసుకోవాలి, డిస్నీకి ఎన్ని రోజులు, యూనివర్సల్‌కి ఎన్ని రోజులు, కారు ఒకటా రెండా, ఇంట్లో వంట కుదురుతుందా. రోలర్ కోస్టర్లంటే నలుగురు పిల్లలకూ ఇష్టమే, పెద్దవాళ్లలో ఒక్కరికే.

#2 సెంట్రల్_ఫ్లోరిడా_రావు

తేదీల సంగతి ముందు తేల్చుకోండి శ్రీ గారూ, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మన బడుల వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. అమెరికా బడులు చాలావరకు మే చివరి దాకా నడుస్తాయి. ఈ తేడా మీకు కలిసొచ్చేదే. మే మొదటి మూడు వారాల్లో పార్కులు ఓ మోస్తరుగా ఉంటాయి. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే. ఆ వారాంతంలో రద్దీ పెరుగుతుంది, తర్వాత బడులు మూసేకొద్దీ జనం వస్తూనే ఉంటారు. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుఫానుల కాలం. జూన్ నుంచి దాదాపు ప్రతి మధ్యాహ్నం ఉరుములు మెరుపులతో వాన పడుతుంది. మేలో ఎండ 31, 32 డిగ్రీలు. మన మే ఎండ ముందు తక్కువే, కానీ తేమ వల్ల ఉక్కపోత ఎక్కువ.

ఒక్క మాట: 17 ఏళ్ల పిల్లలది ఇంటర్ రెండో సంవత్సరం అయితే నీట్ మే మొదట్లో, ఎప్‌సెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా మే నెలలోనే వస్తుంటాయి. ఆ తేదీలు చూడకుండా తిరిగి డబ్బులివ్వని టికెట్లు కొనొద్దు.

విమానానికి హైదరాబాద్ నుంచి నేరుగా ఏదీ లేదు. ఎమిరేట్స్ దుబాయ్ నుంచి ఓర్లాండోకి నడుపుతుంది కాబట్టి ఒక్కచోట మారితే చాలు. న్యూయార్క్, చికాగో లాంటి చోట మారితే ఇమిగ్రేషన్ అక్కడే. సామాను తీసుకుని మళ్లీ వేయాలి, పైగా 8 మంది. దానికి నాలుగు గంటల వ్యవధి ఉంచుకోండి.

#3 కొండాపూర్_శ్రీ

ఇంటర్ మొదటి సంవత్సరమే, పరీక్షల బెడద లేదు. అయితే మే 5 ప్రాంతంలో దిగేలా చూస్తాను.

#4 తాళాలగుత్తి

విల్లా గురించి నేను చెప్తాను. ఇళ్లు అద్దెకిచ్చే పనిలోనే ఉంటాను కాబట్టి అడగాల్సినవి కాస్త ఎక్కువే తెలుసు.

ఫొటోలకంటే ముందు మ్యాప్ చూడండి. "డిస్నీకి 10 నిమిషాలు" అని ప్రతి ప్రకటనలో ఉంటుంది. డిస్నీ స్థలమే సుమారు 100 చదరపు కిలోమీటర్లు. ఆ పది నిమిషాలు దాని సరిహద్దు దాకా మాత్రమే. ఇంటి వీధి పేరు అడిగి, ఉదయం 8 గంటలకు ఒక్కో పార్కు పార్కింగ్‌కి ఎంత పడుతుందో మ్యాప్‌లో వేసి చూడండి. ఓర్లాండో పక్క ఊరు కిసిమ్మీలో 192 రోడ్డు పడమటి వైపు, విండ్సర్ హిల్స్ చుట్టుపక్కల ఇళ్లు డిస్నీకి బాగా దగ్గర. ఛాంపియన్స్‌గేట్, రీయూనియన్ కాస్త దూరం, ఇళ్లు కొత్తవి, పెద్దవి. డావెన్‌పోర్ట్‌లో యూఎస్-27 వైపు అద్దె తక్కువ, కానీ యూనివర్సల్‌కి వెళ్లాలంటే ఐ-4 హైవే మీద పొద్దున 45 నిమిషాల నుంచి గంట అనుకోండి. మీ పిల్లల వయసుకి యూనివర్సల్‌కే ఎక్కువసార్లు వెళ్తారు కాబట్టి మరీ నైరుతికి పోవద్దు. స్టోరీ లేక్ వైపు ఉన్న ఇళ్లు రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి.

"16 మందికి సరిపోతుంది" అంటే సోఫా మంచాలు, బంకు మంచాలు కూడా కలిపిన లెక్క. బొమ్మల గదుల్లోని బంకులు చిన్నపిల్లలకు చేయించినవి. ఆరడుగుల కుర్రాడికి కాళ్లు బయటికొస్తాయి. మంచం కొలత అడగండి. ట్విన్ (ఒక్కరి మంచం) కాదు, ఫుల్ లేదా క్వీన్ (ఇద్దరి మంచం) కావాలనండి. మీ 8 మందికి 5 పడకగదులు, కనీసం 4 బాత్‌రూమ్‌లు ఉండాలి. మామూలు ఇంట్లో వేడినీళ్ల ట్యాంకు 40 నుంచి 50 గ్యాలన్లు, అంటే 150 నుంచి 190 లీటర్లు. అందరూ పొద్దున ఆరింటికి వరసగా షవర్ కిందకు వెళ్తే అయిదో మనిషికి చన్నీళ్లే. పిల్లల స్నానాలు రాత్రికి పెట్టండి.

పూల్ వేడి చేయడానికి రోజుకు 25 నుంచి 45 డాలర్లు విడిగా అడుగుతారు. మేలో అక్కర్లేదు, వద్దని చెప్పండి. నవంబర్ నుంచి మార్చి దాకా వెళ్లేవాళ్లు మాత్రం తీసుకోవాల్సిందే. హీట్ పంప్ గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుంది కాబట్టి బయట 10 డిగ్రీల కిందకు పడితే పని చెయ్యదు. గ్యాస్ హీటర్‌కి ఆ ఇబ్బంది లేదు. చలికాలంలో పూల్ దక్షిణం వైపు ఉన్న ఇల్లు వెతకండి, పగలంతా ఎండ పడుతుంది.

పూల్ వైపు తెరుచుకునే తలుపులకు అలారం ఉంటుంది. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఇంటి పూల్‌కి కంచె, తలుపు అలారం లాంటి రక్షణ ఏదో ఒకటి ఉండాలి. తలుపు తీసేముందు పైన ఉన్న మీట నొక్కితే కొద్ది సెకన్లు ఆగుతుంది. నొక్కకుండా తీస్తే ఇల్లంతా మోగుతుంది. దాన్ని టేపు వేసి మూయడం, వైరు పీకడం చేయనివ్వకండి. ఆ తలుపులు తెరిచిపెట్టి ఏసీ నడిపితే తేమకు కాయిల్ మీద మంచు గడ్డకట్టి ఏసీ ఆగిపోతుంది. అప్పుడు ఏసీ ఆపి, ఫ్యాన్ ఒక్కటే వేసి రెండు మూడు గంటలు వదిలేస్తే కరుగుతుంది. థర్మోస్టాట్ ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. 75 పెట్టండి, అంటే మన 24.

గేమ్ రూమ్ అంటే చాలా ఇళ్లలో గ్యారేజీయే. అక్కడ ఏసీ ఉందా లేదా అడగండి. లేకపోతే మే మధ్యాహ్నం అందులో పది నిమిషాలు కూడా నిలవలేరు.

ఇక లెక్క. 5 పడకగదుల పూల్ ఇల్లు రాత్రికి 200 నుంచి 350 డాలర్ల మధ్య పలుకుతుంది. దాని మీద క్లీనింగ్ ఛార్జీ, బుకింగ్ సైటు రుసుము, ఆసియోలా కౌంటీలో (కిసిమ్మీ ఉన్న జిల్లా) అయితే 13.5 శాతం పన్ను. రాత్రి ధర చూసి రెండు ఇళ్లను పోల్చొద్దు, చివరి పేజీలో వచ్చే మొత్తాన్ని పోల్చండి. సైటు బయట డబ్బు పంపితే తగ్గిస్తామన్నవాళ్లకు పంపకండి. ఫ్లోరిడాలో ఇలాంటి ఇంటికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు నంబరు ఉంటుంది, అడిగి సరిచూసుకోవచ్చు.

#5 లూప్_లెక్కలు

పార్కుల సంగతి. ముందు ఒక లెక్క చూడండి: డిస్నీలో 10 ఏళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్టే. మీ 8 మందీ పూర్తి ధర కడతారు. ఒక్కరోజు టికెట్ రద్దీని బట్టి సుమారు 119 డాలర్ల నుంచి 200 పైదాకా ఉంటుంది, రోజులు పెరిగేకొద్దీ రోజు సగటు తగ్గుతుంది. కాబట్టి "డిస్నీ నాలుగు పార్కులూ (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) చూడాలి" అని మొదలుపెట్టకుండా, పిల్లలు నిజంగా ఎక్కాలనుకునే వాటి నుంచి లెక్క కట్టండి.

కోస్టర్లంటే ఇష్టపడే ఈ వయసువాళ్లకు నా వాటా ఇది: యూనివర్సల్ 4 రోజులు, డిస్నీ 3 రోజులు.

యూనివర్సల్‌లో ఇప్పుడు మూడు పెద్ద పార్కులు. యూనివర్సల్ స్టూడియోస్ 1990లో, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ 1999లో వచ్చాయి. ఇవి పక్కపక్కనే, ఒకే పార్కింగ్. ఎపిక్ యూనివర్స్ 2025 మే 22న తెరిచారు. అది కొన్ని మైళ్ల దూరంలో, వేరే పార్కింగ్‌తో ఉంది. ఒక పార్కు నుంచి మరోదానికి నడిచిపోవచ్చనుకుని ప్లాన్ వేసుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. హాగ్వర్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు పాత రెండు పార్కుల మధ్య నడుస్తుంది. ఎక్కాలంటే రెండు పార్కులకూ ఒకేరోజు చెల్లే టికెట్ ఉండాలి.

యూనివర్సల్ కోస్టర్లు ఎక్కడానికి ఉండాల్సిన కనీస ఎత్తు: హల్క్ 137 సెంటీమీటర్లు, వెలాసికోస్టర్ 130, హాగ్రిడ్ మోటర్‌బైక్, స్టార్‌డస్ట్ రేసర్స్ 122. మీవాళ్లలో 13 ఏళ్లవాళ్లను ఇంట్లోనే కొలవండి, 137 దాటితే ఇక ఎక్కడా అడ్డు లేదు. వెలాసికోస్టర్ 155 అడుగుల ఎత్తు, గంటకు 112 కిలోమీటర్ల వేగం. ఆ రైడ్‌లోకి జేబులో నాణెం కూడా తీసుకెళ్లనివ్వరు, మెటల్ డిటెక్టర్ దాటాలి. లాకర్ ఉచితమే. ఫోను, పవర్ బ్యాంకు, పర్సు అన్నీ ఒకే చిన్న సంచిలో ఉంటే లాకర్ దగ్గర సమయం మిగులుతుంది. కాస్త బొద్దుగా ఉన్నవాళ్లు రైడ్ బయట పెట్టిన నమూనా సీటులో కూర్చుని చూసుకుంటే మంచిది. గంట నిలబడ్డాక బార్ పడక దిగిపోవాల్సి రావడం ఎవరికైనా కష్టమే.

ఎపిక్‌లో నీడ తక్కువ. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా లోపల నడిచే రైడ్‌లు, భోజనం పెట్టుకోండి.

సింగిల్ రైడర్ క్యూ (మిగిలిన ఖాళీ సీట్లకు ఒక్కొక్కరినే పంపే క్యూ) ఈ వయసు పిల్లలకు వరం. హాగ్రిడ్, వెలాసికోస్టర్, హల్క్, స్టార్‌డస్ట్ రేసర్స్, డిస్నీలో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, మిలీనియం ఫాల్కన్, టెస్ట్ ట్రాక్ అన్నింటికీ ఉంది. పక్కపక్కన కూర్చోలేరు, అంతే. చాలాసార్లు సగం సమయంలో అయిపోతుంది. మొదటిసారి అందరూ కలిసి ఎక్కి, రెండోసారి నుంచి సింగిల్ రైడర్‌లో వెళ్లమనండి.

#6 లూప్_లెక్కలు

డిస్నీ క్యూ దాటే పద్ధతి విడిగా రాస్తున్నాను, ఇది చాలామందికి అర్థం కాదు.

డబ్బు కట్టి పొట్టి క్యూలో వెళ్లే పాత జీనీ ప్లస్ పద్ధతి 2024 జులై నుంచి లేదు. ఇప్పుడున్నవి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, సింగిల్ పాస్. మల్టీ పాస్ కొంటే ముందుగా మూడు రైడ్‌లకు సమయాలు తీసుకోవచ్చు. మొదటిది వాడాక ఇంకోటి, అది వాడాక మరోటి, అలా పార్కు మూసేదాకా. ఒక్కో రైడ్ రోజుకు ఒకసారే. మ్యాజిక్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్, ఎప్‌కాట్‌లలో ముందుగా తీసుకునే మూడింటిలో పెద్ద రైడ్‌ల జాబితా నుంచి ఒకటే ఇస్తారు. ట్రాన్, గార్డియన్స్ కోస్టర్, రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ లాంటివి సింగిల్ పాస్‌లో, ఒక్కోదానికీ విడిగా డబ్బు.

డిస్నీ హోటల్లో ఉన్నవాళ్లకు 7 రోజుల ముందు, విల్లాలో ఉన్నవాళ్లకు 3 రోజుల ముందు, ఉదయం 7 గంటలకు తెరుస్తారు. మేలో అక్కడి 7 అంటే మనకు సాయంత్రం 4:30. మీ మొదటి డిస్నీ రోజు దిగిన మర్నాడో ఆ మరుసటి రోజో అయితే బుకింగ్ హైదరాబాద్ నుంచే చెయ్యాల్సి వస్తుంది. లేదంటే ఆ సమయానికి విమానంలో ఉంటారు. అందుకే టికెట్లు ముందే కొని, 8 మందినీ ఒకరి మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ (డిస్నీ యాప్) ఖాతాకు కలిపి, కార్డు కూడా ఎక్కించి ఉంచండి. మన కార్డులకు ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది. ఆ సిమ్‌కి రోమింగ్‌లో మెసేజ్‌లు అందేలా చూసుకోండి.

4 రోజుల టికెట్ మొదలుపెట్టిన రోజు నుంచి 7 రోజుల్లో వాడాలి, 3 రోజులది 5 రోజుల్లో. మధ్యలో యూనివర్సల్ రోజులు ఇరికించేటప్పుడు ఇది చూసుకోండి.

#7 విజయవాడ_టు_టాంపా

విల్లా ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా ఒక రాత్రి మాత్రం యూనివర్సల్ హోటల్లో ఉండమని నా సలహా. పోర్టొఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ మూడింటిలో దేనిలో ఉన్నా గదిలో ఉన్న అందరికీ ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాస్ (యూనివర్సల్‌లో పొట్టి క్యూలో వెళ్లే పాస్) ఉచితం. చెక్-ఇన్ రోజూ, చెక్-అవుట్ రోజూ రెండు రోజులూ చెల్లుతుంది. గది మధ్యాహ్నం ఇచ్చినా పాస్ పొద్దున్నే తీసుకోవచ్చు. రెండు గదుల్లో నలుగురు చొప్పున 8 మంది సర్దుకుంటే, ఎక్స్‌ప్రెస్ విడిగా 8 మందికి రెండు రోజులు కొనే ధరకంటే దాదాపు ప్రతిసారీ తక్కువ పడుతుంది.

#8 తాళాలగుత్తి

ఆ రాత్రికి విల్లా అద్దె కూడా కడతారు కదా, దాన్ని కలిపి చెప్పండి. పైగా ఆ పాస్ స్టూడియోస్‌కీ, ఐలాండ్స్‌కే. ఎపిక్‌లో చెల్లదు.

#9 విజయవాడ_టు_టాంపా

నిజమే, ఎపిక్‌లో చెల్లదు. అద్దె రెండుసార్లు పడకుండా విల్లాని 11 రాత్రులకే తీసుకుని, చివరి రాత్రి హోటల్లో పెడితే సరి. సామాను ఒకేసారి సర్దుకుని వచ్చేస్తారు, చెక్-అవుట్ అయ్యాక హోటల్ వాళ్లే సంచులు దాచిపెడతారు. మే మొదట్లో రద్దీ తక్కువ కాబట్టి పాస్ లేకపోయినా గడుస్తుందని ఎవరైనా అనొచ్చు. ఆ రెండు పార్కులనూ నాలుగు రోజులు తిరిగే తీరిక ఉంటే ఒప్పుకుంటాను. రెండే రోజులైతే పాస్ ఉండటమే నయం.

కోస్టర్ల పిచ్చి నిజంగా ఎక్కువైతే డిస్నీలో ఒక రోజు తగ్గించి టాంపా బుష్ గార్డెన్స్‌కి వెళ్లండి. అక్కడి కోస్టర్ ఐరన్ గ్వాజీ 206 అడుగులు, గంటకు 122 కిలోమీటర్లు. కిసిమ్మీ నుంచి గంటకు పైగా ప్రయాణం. ఓర్లాండోలోనే సీవరల్డ్ పార్కులో మాకో కోస్టర్ 200 అడుగులు. రెండింటికీ కలిపి అమ్మే టికెట్ ఉంటుంది, వారపు రోజుల్లో క్యూలు చాలా చిన్నవి.

#10 పోపులపెట్టె

వంట గురించి ఎవరూ రాయలేదు. కుదురుతుంది శ్రీ గారూ, కానీ కొన్ని తెలిసి ఉండాలి.

మన మిక్సీ, రైస్ కుక్కర్, కరెంటు పొయ్యి పట్టుకెళ్లొద్దు. అక్కడ కరెంటు 110-120 వోల్టులు, మనవి 230కి చేసినవి. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటుంది, వాటికి ప్లగ్ మార్చే అడాప్టర్ చాలు. అమ్మాయిల హెయిర్ స్ట్రెయిటనర్ మీద కూడా ఆ అంకె చూడండి, 230 అని మాత్రమే ఉంటే ఇంట్లోనే వదిలెయ్యండి. రైస్ కుక్కర్ చిన్నది అక్కడ వాల్‌మార్ట్‌లో 20 డాలర్ల చిల్లరకు దొరుకుతుంది. ప్రెషర్ కుక్కర్ చెక్-ఇన్ సామానులో తీసుకెళ్లొచ్చు, అడుగు చదునుగా ఉండాలి. విల్లాల్లో చాలావరకు గాజు పలక పొయ్యిలే. అడుగు వంగిన బాణలి వాటి మీద సరిగా వేడెక్కదు. ఇనప పెనం ఈడిస్తే గీతలు పడి డిపాజిట్‌లో కోస్తారు.

తాలింపు వేసేటప్పుడు పొగ అలారం మోగడం మామూలే. పొయ్యి పైన మైక్రోవేవ్ ఉంటే చాలా ఇళ్లలో దాని ఫ్యాన్ పొగను బయటికి పంపదు, వడపోసి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. నూనె మరీ కాగనివ్వకుండా మధ్యస్థ మంట మీద, మూత సిద్ధంగా పెట్టుకుని తాలింపు వెయ్యండి. ఎండుమిర్చి చివర్న వెయ్యండి. అలారాలు ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. చేప వేపుడు జోలికి పోవద్దు. వాసన ఉండిపోతే క్లీనింగ్‌కి అదనంగా వేస్తారు.

సింకులో చెత్త నూరే యంత్రం ఉంటుంది. అన్నం, పప్పు, ఉల్లి తొక్కలు, కరివేపాకు రెబ్బలు అందులో వెయ్యొద్దు. అన్నం జిగురై గొట్టంలో పట్టేస్తుంది, రెబ్బలు బ్లేడుకు చుట్టుకుంటాయి. గిన్నెలు కడిగే మెషీన్లో చేతితో తోమే ద్రవం పోస్తే నురగ పొంగి నేలంతా పాకుతుంది, దానికి విడిగా పొడి గానీ బిళ్లలు గానీ ఉంటాయి. ఇంకోటి, టాయిలెట్లలో జెట్ స్ప్రే ఉండదు. మగ్గులు తీసుకెళ్లండి, బాత్‌రూమ్‌కి ఒకటి.

ఓర్లాండోలో ఆరెంజ్ బ్లాసమ్ ట్రెయిల్ వైపు భారతీయ కిరాణా దుకాణాలున్నాయి. బియ్యం, పప్పులు, పెరుగు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి. విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్లేదారిలోనే మూడు రోజులకు సరిపడా తీసుకోండి. 8 మందికి పూటకు కిలో బియ్యం లెక్క వేసుకోండి, ఎండలో తిరిగొచ్చిన పిల్లలు బాగా తింటారు.

#11 గోదారి_గట్టు

పోపులపెట్టె గారు చెప్పినదానికి కొనసాగింపుగా, ఇండియా నుంచి ఏం తీసుకెళ్లకూడదో.

బియ్యం, శనగలు తీసుకెళ్లొద్దు. ఖాప్రా అనే పురుగు వల్ల మన దేశం నుంచి ప్రయాణికుల సామానులో వాటిని ఒప్పుకోరు. మాంసం ఏ రూపంలోనూ వద్దు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కూడా. తాజా కరివేపాకు అసలు వద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేప మీద బతుకుతుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో కనబడింది, అక్కడి నారింజ తోటలు దానితో బాగా దెబ్బతిన్నాయి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి, పొడి స్వీట్లు పర్వాలేదు. గట్టిగా సీలు వేయించి, పేర్లు ఇంగ్లీషులో రాసి, అధికారి అడిగినప్పుడు ఉన్నాయని చెప్పండి. చెప్పి తీసేయించుకుంటే జరిమానా ఉండదు. దాస్తే 300 డాలర్ల నుంచి మొదలవుతుంది. పొడులు చేతి సంచిలో పెట్టొద్దు, 350 మిల్లీలీటర్ల డబ్బా దాటితే అమెరికా విమానాల్లో ఆపుతారు.

#12 హైవే_హరి

కారు: రెండు తీసుకోండి.

8 సీట్ల మినీవ్యాన్ దొరుకుతుంది, కానీ మూడో వరసలో మనుషులు కూర్చుంటే వెనక నాలుగైదు పెట్టెలకే చోటు. 8 మందికి 23 కిలోలవి రెండేసి తెచ్చుకుంటే 16 పెట్టెలు. పైగా పార్కు నుంచి ఒకరు ముందే వచ్చేస్తామంటే మొత్తం గుంపు కదలాలి. రెండు కార్లయితే పిల్లలతో ఒకరిద్దరు రాత్రి బాణసంచా దాకా ఉండొచ్చు, మిగతావాళ్లు ఇంటికొచ్చి నడుం వాల్చొచ్చు. పార్కింగ్ రెండింతలవుతుంది, డిస్నీ, యూనివర్సల్ రెండుచోట్లా కారుకు 30 డాలర్లు, ఆ పైన. ఇద్దరు డ్రైవర్లుంటేనే ఇది కుదురుతుంది.

మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే ఫ్లోరిడాలో నడపొచ్చు. ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఆర్టీఏ నుంచి తీసుకోండి, కొన్ని అద్దె కంపెనీలు కౌంటర్లో అడుగుతాయి. క్రెడిట్ కార్డు నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి. డెబిట్ కార్డుతో వెళ్తే పెద్ద మొత్తం ఆపేస్తారు, లేదా ఇవ్వరు. ఇన్సూరెన్సులో రెండు చూడండి: మీ కారుకు జరిగే నష్టం, అవతలివాళ్లకు జరిగే నష్టం. రెండోది తక్కువ మొత్తానికి ఉంటే పెంచుకోండి, అక్కడ ఆసుపత్రి బిల్లులు లక్షల డాలర్లకు వెళ్తాయి.

టోల్: 417, 429, 528 రోడ్లు టోల్‌వి. ఐ-4 ఆగిపోయినప్పుడు ఇవే దిక్కు. అద్దె కంపెనీ టోల్ పెట్టె తీసుకుంటే టోల్‌తోపాటు రోజువారీ రుసుము కూడా వేస్తారు. ఓర్లాండో విమానాశ్రయంలో విజిటర్ టోల్ పాస్ ఉచితంగా ఇస్తారు. ముందు యాప్‌లో నమోదు చేసుకుని, అద్దానికి తగిలించి, తిరిగెళ్లేటప్పుడు అక్కడే డబ్బాలో వెయ్యాలి. కారులో ముందే బిగించిన పెట్టె ఉంటే దాని మూత మూసి ఉంచండి. తెరిచి ఉంటే రెండిట్లోనూ డబ్బు కోస్తారు.

పెట్రోలు బంకులో పంపు దగ్గర కార్డు పెడితే జిప్ కోడ్ అడుగుతుంది, మన కార్డుకి అది లేదు. లోపలికెళ్లి పంపు నంబరు చెప్పి ముందే 40 డాలర్లు కట్టండి, వాడని డబ్బు వెనక్కి వస్తుంది.

#13 కొండాపూర్_శ్రీ

చాలా చాలా ధన్యవాదాలు అందరికీ. ఇంకో రెండు. పిల్లలను పార్కులో వదిలేసి పెద్దవాళ్లం వేరే తిరగొచ్చా? స్క్రీన్ రైడ్‌లలో ఒకరికి తల తిరుగుతుంది, ఏం చేయాలి?

#14 లూప్_లెక్కలు

డిస్నీలో 14 నిండినవాళ్లు ఒంటరిగా రావచ్చు. 13 ఏళ్లవాళ్లు 14 నిండిన ఎవరితోనైనా ఉంటే చాలు, కాబట్టి మీ నలుగురూ కలిసి తిరగొచ్చు. షరతులు పెట్టండి. ఇద్దరిద్దరుగా తప్ప ఒంటరిగా వద్దు. ప్రతి రెండు గంటలకు మెసేజ్. ఫోన్లు పోయినా దొరికేలా ఒక చోటు, ఒక సమయం ముందే చెప్పుకోవాలి. ఆ చోటు పార్కు గేటు కాకూడదు, మూసే వేళకు అక్కడ తోపులాట. ఏదైనా దుకాణం ముందు పెట్టుకోండి. యాప్, ఫొటోలతో ఫోను మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది, ఇద్దరికో 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఇవ్వండి. ఒక్కొక్కరి దగ్గరా పాస్‌పోర్టు ఫొటో, విల్లా చిరునామా కాగితం మీద ఉండాలి.

తల తిరగడానికి: మెక్లిజిన్ బిళ్ల అక్కడ చీటీ లేకుండా దొరుకుతుంది, రైడ్‌కి గంట ముందు వేసుకోవాలి. కొందరికి నిద్రమత్తు వస్తుంది. వేరే మందులు వాడుతుంటే ఇక్కడే డాక్టర్‌ని అడిగి వెళ్లండి. యూనివర్సల్ స్టూడియోస్‌లో స్క్రీన్ రైడ్‌లు ఎక్కువ, ఒకదాని వెనక ఒకటి పెట్టకుండా మధ్యలో నడిచి చూసేవి, ప్రదర్శనలు పెట్టండి. ఎక్కాక తేడా చేస్తే కళ్లు మూసుకోండి, లేదా తెర మీద నుంచి చూపు తిప్పుకోండి.

పిడుగులు పడే వీలుంటే బయటి రైడ్‌లన్నీ ఆపేస్తారు. ఆ సమయంలో లైట్నింగ్ లేన్ తీసుకున్న రైడ్ మూసి ఉంటే, తర్వాత వాడుకునేలా యాప్‌లో వేరే పాస్ వేస్తారు. ఇంటికి పరుగెత్తకండి. వాన గంటలో తగ్గుతుంది, తర్వాత క్యూలు సగమవుతాయి.

#15 కొండాపూర్_శ్రీ

ఇలా వేశాను. 1: దిగడం, సరుకులు. 2: ఎపిక్. 3: మ్యాజిక్ కింగ్‌డమ్. 4: హాలీవుడ్ స్టూడియోస్. 5: విల్లా. 6: యానిమల్ కింగ్‌డమ్. 7: బుష్ గార్డెన్స్. 8: విల్లా. 9: కెనెడీ స్పేస్ సెంటర్. 10: ఎపిక్ రెండోసారి. 11: విల్లా. 12: స్టూడియోస్, ఆ రాత్రి హోటల్. 13: ఐలాండ్స్, రాత్రి విమానం.

#16 సెంట్రల్_ఫ్లోరిడా_రావు

మొత్తం మీద బాగుంది, రెండు మార్పులు.

2, 3 మార్చుకోండి. మేలో ఓర్లాండో మనకంటే 9:30 గంటలు వెనక. పడమటికి వచ్చినవాళ్లకు మొదటి మూడు రోజులు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం ఏడింటికే నిద్ర. టీనేజ్ పిల్లలు తమంతట తాము పొద్దున్నే లేచే రోజులివే, వీటిని పొద్దున తొందరగా చేరాల్సిన పార్కుకి వాడుకోండి. అది మ్యాజిక్ కింగ్‌డమ్. అక్కడ పార్కింగ్ నుంచి గేటు దాకా మోనోరైలు గానీ పడవ గానీ ఎక్కాలి, కారు దిగాక ఇంకో 30, 40 నిమిషాలు. తెరిచే వేళకు గంటన్నర ముందు ఇల్లు వదలాలి. మిగతా మూడు డిస్నీ పార్కులకు ఈ బాధ లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రాత్రి బాణసంచా చూడాలన్న ఆశ ఆ రోజుకి వదిలెయ్యండి, నిద్రకు ఆగలేరు. ఈ మార్పుతో మీ 3 రోజుల డిస్నీ టికెట్ 2వ రోజు మొదలై 6వ రోజుకు ముగుస్తుంది, సరిగ్గా 5 రోజులు.

రెండోది, మధ్యాహ్నం విల్లాకి వచ్చి మళ్లీ సాయంత్రం పార్కుకి పోదామనే ఆలోచన పెట్టుకోవద్దు. హోటల్ పక్కనే ఉన్నవాళ్లకు అది బాగుంటుంది. విల్లా నుంచి రానూపోనూ, పార్కింగ్ కలిపి రెండున్నర గంటలు పోతాయి. మీరు వేసినట్టు పార్కు రోజులు వేరు, ఇంటి రోజులు వేరు అన్నదే విల్లాకి కుదిరే పద్ధతి. ఇంటి రోజు పదింటి దాకా ఎవరినీ లేపకండి.

కెనెడీకి 528 మీదుగా వెళ్లండి. శాటర్న్ 5 రాకెట్ ఉన్న చోటికి లోపలి బస్సులోనే వెళ్లాలి, అది టికెట్‌లో కలిసే ఉంటుంది. చేరగానే ముందు బస్సు ఎక్కండి, మధ్యాహ్నం ఆ క్యూ పెరుగుతుంది. ఆ వారంలో రాకెట్ ప్రయోగం ఏదైనా ఉంటే రోజును దానికి తగ్గట్టు జరుపుకోండి.

#17 పోపులపెట్టె

పార్కులోకి తిండి: డిస్నీలో ఇంటి నుంచి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, విడి ఐసు ముక్కలు మాత్రం వద్దు, గడ్డకట్టిన జెల్ ప్యాకులు పెట్టుకోండి. పులిహోర, చపాతీ రోల్స్ మధ్యాహ్నం దాకా బాగానే ఉంటాయి, పెరుగన్నం ఎండకు పులుస్తుంది. యూనివర్సల్‌లో నీళ్లు, వేడి చెయ్యక్కర్లేని చిరుతిళ్లు దాకానే. డిస్నీలో కౌంటర్ దగ్గర ఐసు నీళ్లు అడిగితే ఉచితంగా ఇస్తారు, బాటిల్ కొనకండి. శాకాహారులుంటే యానిమల్ కింగ్‌డమ్‌లో సతులీ క్యాంటీన్‌లో అన్నం, కూరగాయల గిన్నె దొరుకుతుంది. మెనూలో ఆకు గుర్తు ఉన్నవి చూసుకోండి.

#18 తాళాలగుత్తి

ఇల్లు బుక్ చేసేముందు చూసుకోవాల్సిన చిన్నవి కొన్ని మిగిలాయి.

గేటు దగ్గర బుక్ చేసినవాళ్ల ఐడీ చూస్తారు, రెండు కార్ల నంబర్లు ముందే పంపండి. కార్లు ఇంటి ముందు స్థలంలోనే పెట్టాలి, వీధిలో రాత్రి వదిలితే లాక్కెళ్తారు. రాత్రి 10 తర్వాత పూల్ దగ్గర గోల వద్దు, పక్కింటికి మీకు మధ్య పలచని మెష్ తెరే ఉంటుంది. తడి బట్టలు ఆ మెష్ మీద ఆరేస్తే కాలనీవాళ్లు జరిమానా వేస్తారు, డ్రయ్యర్ వాడండి, ప్రతిసారీ దాని జల్లెడలోని నూగు తీసెయ్యండి. లేకపోతే బట్టలు ఆరవు, వేడెక్కి ఆగిపోతుంది. ఇంటి వెనక చెరువు కనిపిస్తే పిల్లలను ఒడ్డుకు పోనివ్వొద్దు. ఫ్లోరిడాలో ఏ నీటిగుంటలోనైనా మొసలి ఉండొచ్చు.

లోపలికి రాగానే ప్రతి గదీ, పూల్, పొయ్యి పలక, సోఫాలు ఫోనులో వీడియో తీసి అదేరోజు ఓనర్‌కి పంపండి. ఇల్లు సాయంత్రం 4కి ఇస్తారు, పొద్దున 10కి ఖాళీ చెయ్యాలి. విమానం పొద్దున్నే దిగితే ముందే ఇస్తారా అని వారం ముందు అడగండి, ఇవ్వకపోతే సరుకులు కొనడం ఆ గంటల్లో పెట్టుకోండి. పాలు, పెరుగు మాత్రం చివర్న కొనండి.

#19 కొండాపూర్_శ్రీ

2, 3 మార్చాను. స్టోరీ లేక్ వైపు 5 పడకగదుల ఇల్లు ఒకటి చూశాను, వేడినీళ్ల ట్యాంకు, గేమ్ రూమ్ ఏసీ, మంచాల కొలతలు అడుగుతూ ఓనర్‌కి రాశాను. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.